తథాస్తు దేవతలు వినని మాట: రెండో కాన్పుకు ముందు నాలుగేళ్ళ పాప కోసం చేసిన పుస్తకం

బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ. పిల్లల కౌన్సెలర్‌గా నేను పనిచేసేది ఆ ప్రాంతంలోనే. ఏడాది పొడుగునా ఆగకుండా వచ్చే కేసు ఒకటుంది: ఇంట్లో రెండో బిడ్డ రాబోతోంది, మొదటి బిడ్డ తీరు మారిపోయింది. తల్లిదండ్రులు అడిగేది కూడా దాదాపు ఒకటే. "మంచి పుస్తకం ఏదైనా చెప్పండి మేడమ్, చదివి వినిపిస్తాం." ఈ కేసులో పుస్తకాలు అప్పటికే ఇంట్లో ఉన్నాయి. వాటితో సమస్య తీరలేదు సరికదా, ఇంకాస్త ముదిరింది. అది ఎలా జరిగిందో, తర్వాత ఏం చేశామో వివరంగా రాస్తున్నాను. రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను. పాపను ఇక్కడ అమ్ములు అంటాను.

ఇల్లూ, ఫిర్యాదూ

అమ్ములుకు నాలుగేళ్ళు దాటాయి. తండ్రి వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ ఉద్యోగి, తల్లిదీ ఉద్యోగమే. ఇద్దరిదీ ఒంగోలు ప్రాంతం. అమ్ములు పుట్టినప్పటి నుంచి నాయనమ్మ వీళ్ళతోనే ఉంటోంది. పిల్లకు అన్నం తినిపించేదీ, మధ్యాహ్నం నిద్రపుచ్చేదీ ఆవిడే. వాళ్ళు నా దగ్గరకు వచ్చింది ఏప్రిల్‌లో. తల్లికి అప్పుడు ఐదో నెల. డెలివరీ ఆగస్టులో, ఒంగోలులో పుట్టింట్లో. ఈలోగా జూన్‌లో అమ్ములుకు ఎల్‌కేజీ మొదలవుతుంది.

ఏడాదికి పైగా రాత్రుళ్ళు పక్క తడపని పిల్ల మళ్ళీ తడుపుతోంది. దొడ్డికి వెళ్ళకుండా రెండు మూడు రోజులు బిగబట్టుకుంటోంది. స్కూల్లో మామూలుగానే ఉంటోంది, ప్లేస్కూల్ టీచర్ నుంచి ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళమ్మ ఇంకో సంగతి పెద్దగా పట్టించుకోకుండా, వెళ్ళబోతూ చెప్పింది. మొదట్లో అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునే పిల్ల, నెలరోజులుగా దగ్గరకే రావడం లేదట. పక్కన పడుకున్నా మధ్యలో దిండు పెట్టుకుంటోందట.

"కుళ్ళు మేడమ్, అంతే. ఒక్కతే పెరిగింది కదా," అన్నాడు తండ్రి.

పిల్లల డాక్టరు అప్పటికే చూసి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చి, మలబద్ధకానికి మందు రాసిచ్చారు. ఐదేళ్ళ లోపు పిల్లలు రాత్రి పక్క తడపడాన్ని జబ్బుగా లెక్కించరు కాబట్టి ఆ విషయంలో నాకు కంగారు లేదు. తల్లిదండ్రుల టెన్షన్ తగ్గించడానికి నేను ముందుగా చెప్పే మాటే వీళ్ళకూ చెప్పాను. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బ్రెండా వోలింగ్ బృందం 241 కుటుంబాలను రెండో బిడ్డ పుట్టకముందు నుంచి ఏడాదిపాటు గమనించింది. 2017లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఎక్కువమంది పిల్లలు పెద్ద ఒడుదొడుకులు లేకుండానే సర్దుకున్నారు. కాబట్టి పెద్దపిల్లలంతా తల్లడిల్లిపోతారని ముందే అనుకోనక్కర్లేదు. కానీ ఆ దిండు సంగతి నన్ను వదల్లేదు. కుళ్ళు పుట్టిన పిల్ల తల్లిని ఇంకా అంటిపెట్టుకుంటుంది, ఒళ్ళోంచి దిగదు. దూరం జరిగే పిల్ల మనసులో ఇంకేదో ఉంటుంది.

అల్మారాలో ఉన్న పుస్తకాలు

పుస్తకాలు కూడా తెమ్మన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన మూడు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు. అట్టలు బాగున్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. ఇలాంటి పుస్తకాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. అమ్మ పొట్ట పెరుగుతుంది, ఒక రాత్రి అమ్మానాన్నలు ఆసుపత్రికి వెళ్తారు, పొద్దున్నకల్లా పాపాయి వస్తుంది, పెద్దపిల్లకు కోపం వస్తుంది, చివరి పేజీలో పాపాయి నవ్వగానే ఆ కోపం పోతుంది.

మన ఇళ్ళలో జరిగేది ఇది కాదు. అమ్ములు విషయంలో పాపాయి రావడానికి రెండు నెలల ముందే అమ్మ వెళ్ళిపోతుంది. మన చట్టం ప్రకారం రెండో కాన్పుకూ 26 వారాల ప్రసూతి సెలవు ఉంది, అందులో డెలివరీకి ముందు వాడుకోగలిగేది 8 వారాలు. ఆ 8 వారాలూ ఒంగోలులో ఉండాలని వాళ్ళమ్మ నిర్ణయం. స్కూలు ఉంది కాబట్టి అమ్ములు ఇక్కడే. అంటే ఈ పిల్లకు మొదటి ఎడబాటు పాపాయి వల్ల కూడా కాదు, ప్రయాణం వల్ల. ఆ పేజీ మూడింట్లో ఒక్క పుస్తకంలోనూ లేదు.

ఇంకోటి. ఒక పుస్తకం మొదటి పేజీ నుంచే చెల్లి వస్తుందని చెబుతుంది. ఆ దేశాల్లో స్కానింగ్‌లోనే తెలిసిపోతుంది, చెప్పేస్తారు. మన దగ్గర 1994 చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. కాబట్టి మన పిల్లలకు పుట్టేదాకా ఎవరో తెలియదు. తెలియదు కాబట్టే చుట్టాలంతా పెద్దపిల్లను పట్టుకుని "ఎవరు పుడతారే? తమ్ముడా, చెల్లా?" అని అడుగుతుంటారు. పిల్లల నోట వచ్చిందే జరుగుతుందని మనవాళ్ళకు ఒక నమ్మకం. ఈ సరదా ప్రశ్న అమ్ములుకు ఎంత బరువైందో తర్వాత తెలిసింది.

మూడో పుస్తకంలో ఒక కుందేలు పిల్ల తమ్ముణ్ణి ఆసుపత్రికి తిరిగి ఇచ్చేద్దామంటుంది. ఇంట్లో ఎక్కువసార్లు చదివింది దాన్నే. నాన్న ఇంగ్లీషు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. ఆ కుందేలు మాట వచ్చినప్పుడు గొంతు మార్చి అనేవాడు, ఇద్దరూ నవ్వేవాళ్ళు. చివర్లో కుందేలు మనసు మార్చుకోవడం రెండు వాక్యాల్లో అయిపోతుంది. అంతకుముందు ఎనిమిది పేజీలు అల్లరే.

ఈ రకం పుస్తకాల గురించి లారీ క్రేమర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేసిన పని నాకు చాలాసార్లు గుర్తొస్తుంది. ఆమె బృందం తోబుట్టువుల కథలున్న 261 పిల్లల పుస్తకాలను పరిశీలించి 1999లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆప్యాయత ఎంత కనిపించిందో, కొట్లాటలూ ఎత్తిపొడుపులూ ఇంచుమించు అంతే కనిపించాయి. ఒక్కగానొక్క పిల్లకు అంతవరకూ తోచని ఐడియా పుస్తకమే ఇచ్చే వీలుంది. అమ్ములు ఇంట్లో జరిగింది సరిగ్గా అదే.

టవర్ పడిపోయిన పేజీ

పిల్లను "నీకు పాపాయి ఇష్టమేనా?" అని అడిగితే మనకు నచ్చే జవాబే చెబుతుంది. అందుకని నేను అడగను. ఎజ్రా జాక్ కీట్స్ 1967లో బొమ్మలు గీసి రాసిన 'పీటర్స్ చెయిర్' తీస్తాను. పీటర్ అనే అబ్బాయి చిన్నప్పటి ఉయ్యాల, కుర్చీ అన్నిటికీ వాళ్ళ నాన్న గులాబీ రంగు వేస్తుంటాడు, చెల్లెలి కోసం. మిగిలిన ఒక చిన్న కుర్చీ తీసుకుని పీటర్ ఇంటి బయటకు వెళ్ళిపోతాడు. తీరా కూర్చోబోతే అందులో పట్టడు. ఇందులో నీతులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చదువుతూ పిల్ల ఏ పేజీ దగ్గర ఆగుతుందో, ఏ పేజీ గబుక్కున తిప్పేస్తుందో చూస్తాను. కుర్చీ దగ్గర ఆగే పిల్లకు తన వస్తువుల గురించి దిగులు. ఇల్లు వదిలి వెళ్ళే పేజీ దగ్గర ఆగితే అది వేరే సంగతి.

అమ్ములు ఈ రెండు చోట్లా ఆగలేదు. మొదట్లోనే, పీటర్ కట్టిన దిమ్మెల టవర్ ధబాలున పడిపోతే వాళ్ళమ్మ "మెల్లగా ఆడుకో, ఇంట్లో పాపాయి ఉంది కదా" అనే చోట పేజీ మీద అరచెయ్యి పెట్టేసింది.

"పాపాయికి ఏమైంది?"

"ఏమవుతుందంటావు?"

తలుపు వైపు చూసింది. వాళ్ళమ్మ బయట కూర్చుని ఉంది. గొంతు తగ్గించి, "చచ్చిపోతుందా?"

"శబ్దానికా?"

"కాదు ఆంటీ. నేను అన్నా కదా."

"ఏమన్నావు?"

"ఇచ్చేద్దాం అన్నా. వద్దు అన్నా. పైన దేవతలు తథాస్తు అన్నారంట."

తర్వాత నాయనమ్మను అడిగితే సంగతి విడిపోయింది. మార్చిలో ఒక సాయంత్రం, దీపం పెట్టే వేళ, ఇంటికొచ్చిన చుట్టాలావిడ అలవాటు ప్రశ్న అడిగింది: తమ్ముడా, చెల్లా? అమ్ములు కుందేలు గొంతు పెట్టి, "ఎవరూ వద్దు, వెనక్కి ఇచ్చేద్దాం" అంది. నాన్నతో అయితే నవ్వు వచ్చే మాట. నాయనమ్మ మాత్రం అదిరిపడి, "తప్పు తప్పు! సంధ్యవేళ అలాంటి మాటలా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, విన్నారంటే అయిపోతుంది" అని పిల్ల నోటి మీద చెయ్యి వేసింది. ఆవిడ మరుక్షణం మర్చిపోయింది. పిల్ల మర్చిపోలేదు.

ఈ వయసు పిల్లలు తాము అనుకున్నదీ, లోకంలో జరిగేదీ నేరుగా ముడిపడి ఉంటాయని నమ్ముతారు. స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే రెండు నుంచి ఏడేళ్ళ దశ గురించి రాసినదానిలో ఇదొక ముఖ్యమైన భాగం. పెద్దవాళ్ళు తమకు తెలియకుండానే ఆ నమ్మకానికి సాక్ష్యం చెప్పేశారు. ఇక పిల్ల ఏం చేస్తుంది? పొట్టకు దూరంగా ఉంటుంది. మధ్యలో దిండు పెట్టుకుంటుంది. అది కుళ్ళు కాదు, కాపలా.

దొడ్డికి వెళ్ళకపోవడం గురించి ఖాయంగా చెప్పలేను గానీ, అమ్మ బొమ్మ గీయమంటే అమ్ములు ఒకే గుండ్రంలో ఇడ్లీనీ పాపాయినీ కలిపి గీసింది. ఇడ్లీ ఎటు పోతుందో ఆ పిల్లకు తెలుసు. పాపాయి కూడా అటే పోతుందనుకుంటే భయం వేయదా?

ముడి వేసినవాళ్ళే విప్పాలి

తండ్రి ఆ రాత్రే వాళ్ళమ్మతో, అంటే నాయనమ్మతో, గొడవ పడ్డాడు. "మూఢనమ్మకాలతో పిల్లను చెడగొట్టావు" అన్నాడట. తర్వాతిసారి వచ్చినప్పుడు పెద్దావిడ మొహం ముడుచుకుని కూర్చుంది. జూన్, జూలైల్లో ఈ పిల్లను పొద్దస్తమానం చూసుకోబోయేది ఆవిడే. ఆవిడను దోషిని చేస్తే నా పని అక్కడితో ఆగిపోతుంది.

తథాస్తు దేవతలు లేరని నేను పిల్లకు చెప్పొచ్చు. కానీ నాలుగేళ్ళ పిల్లకు ఎవరి మాట పెద్దది? వారానికోసారి కనిపించే ఆంటీదా, రోజూ ముద్దలు కలిపి పెట్టే నాయనమ్మదా? అందుకని పెద్దావిడనే అడిగాను. "అమ్మగారూ, తథాస్తు దేవతలు చిన్నపిల్లలు కోపంలో అన్నవి కూడా వింటారా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "పసివాళ్ళ మాట పట్టించుకుంటే వాళ్ళు దేవతలెలా అవుతారమ్మా? మా చిన్నప్పుడు మేం ఎన్ని అనలేదు?"

"ఈ మాట అమ్ములుతో మీరే చెప్పాలి."

నమ్మకాన్ని అలాగే ఉంచి పక్కదారిన వెళ్ళడం కొందరు తోటి కౌన్సెలర్లకు నచ్చదు. అంధవిశ్వాసాన్ని ఇంకాస్త నిలబెట్టినట్టు కాదా అని అడుగుతారు. నా లెక్క వేరు. భయం ఏ తలుపులోంచి వచ్చిందో ఆ తలుపులోంచే బయటకు పోవాలి. హేతువాదం నేర్పడానికి ఆ పిల్లకు ఇంకా చాలా ఏళ్ళున్నాయి. ఆగస్టు మాత్రం నాలుగు నెలల్లో వచ్చేస్తుంది.

అప్పుడే పుస్తకం మేమే చేద్దామని అనుకున్నాం. చేసేముందు తెలుగులో ఉన్నవి వెతికాను. చెన్నైలోని తూలిక తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే పుస్తకాలు వేస్తుంది. మన బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, బొమ్మలు తీసుకుని మన మాటలతో కొత్త పుస్తకం చేసుకునే వీలు కూడా ఉంది. ఇంకో కుటుంబమైతే అక్కడితో సరిపెట్టేదాన్ని. ఈ పిల్లకు కావలసిన పేజీలు మరీ ఈ ఇంటివి. పైగా చదివి వినిపించేది నాయనమ్మ, ఆవిడకు ఇంగ్లీషు రాదు. తెలుగు మాత్రం చక్కగా, కూనిరాగం తీస్తూ చదువుతుంది.

పేజీలు

స్టేషనరీ షాపులో దొరికే, ప్లాస్టిక్ పాకెట్లున్న ఫైలు తెచ్చాం. కుట్టిన పుస్తకం వద్దన్నాను, ఎందుకంటే జరగబోయేవి మారతాయి. తేదీ మారొచ్చు, మామూలు కాన్పు సిజేరియన్ కావచ్చు. పాకెట్‌లో కాగితం మారిస్తే చాలు. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, ఒక ఫొటో లేదా అమ్ములు గీసిన బొమ్మ. "నువ్వు పెద్దదానివి అయిపోయావు" అని ఎక్కడా రాయలేదు. "పాపాయి అంటే నీకు చాలా ఇష్టం" అని కూడా రాయలేదు. ఇష్టపడుతుందో లేదో మనకేం తెలుసు? జరుగుతుందని గట్టిగా తెలిసినవే రాశాం.

మొదటి పేజీ నాయనమ్మది. ఆవిడ చెప్పగా తల్లి రాసింది: "అమ్ములు ఒకరోజు కోపంగా 'వద్దు' అంది. పిల్లల కోపం తథాస్తు దేవతలు వినరు. చెవులు మూసుకుంటారు. అమ్మ తిన్న అన్నం పాపాయికి అందుతుంది. అమ్ములు అన్న మాట పాపాయికి తగలదు." పక్కన రెండు చేతులతో చెవులు మూసుకున్న దేవతల బొమ్మ. గీసింది అమ్ములే, కిరీటాలు మాత్రం నాన్న. ఈ పేజీని మొదటిసారి నా ముందే చదివారు. అయిపోగానే అమ్ములు అడిగింది: "సంధ్యవేళ కూడా మూసుకుంటారా?" నాయనమ్మ తడుముకోలేదు. "సంధ్యవేళ ఇంకా గట్టిగా మూసుకుంటారు. అప్పుడే కదా పిల్లలంతా ఆకలేసి అరిచేది." నేను రాసిచ్చినా ఇంత బాగా వచ్చేది కాదు.

రెండోది పొట్ట పేజీ. అన్నం వెళ్ళే సంచి ఒకటి, పాపాయి ఉండే గర్భసంచి ఇంకోటి, రెండూ వేర్వేరు రంగుల్లో. ఇడ్లీ ఒకదాంట్లో, పాపాయి ఇంకోదాంట్లో.

ఆ తర్వాతి పేజీలు అమ్మ ప్రయాణం గురించి. ఇక్కడే అమ్ములు ఎక్కువ ప్రశ్నలు వేసింది, ఎక్కువసేపు కూర్చుంది. స్కూలు వ్యాన్ ఎక్కించేది ఎవరు? రాత్రి కథ ఎవరు చెబుతారు? జడ ఎవరు వేస్తారు? మా దృష్టిలో చివరి ప్రశ్న చిన్నది, ఆ పిల్ల దృష్టిలో పెద్దది. నాయనమ్మకు చేతి వేళ్ళు నొప్పులు, బిగించి వేయలేదు. తండ్రి ఆ వారమంతా నేర్చుకున్నాడు. పేజీ ఇలా తయారైంది: "నాన్న రెండు పిలకలు వేస్తాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తుంది. ఫర్వాలేదు, రబ్బరు బ్యాండ్లు గట్టివి." ఫొటోలో పిలకలు నిజంగానే వంకర.

ఎదురు పేజీలో బస్సులు. పక్షానికోసారి శుక్రవారం రాత్రి మారతహళ్ళిలో స్లీపర్ బస్సెక్కి నాన్నతో ఒంగోలు వెళ్ళి, ఆదివారం రాత్రి బయల్దేరి రావాలని అనుకున్నారు. వెళ్ళే ప్రతి శుక్రవారానికీ ఒక ఖాళీ బస్సు బొమ్మ, వెళ్ళొచ్చాక రంగు వేయాలి. నెలలు, వారాలు ఆ వయసుకు అంతుబట్టవు. బస్సులు అంతుబడతాయి. ఒక ప్రయాణం వానల వల్ల రద్దయితే ఆ బస్సుకు రంగు వేయకుండా పైన మబ్బు గీయమన్నాను.

చుట్టాల కోసం కూడా ఒక పేజీ పెట్టాం. బారసాలకు వచ్చే మామయ్యలూ పెద్దమ్మలూ "ఇంక నీ పని అయిపోయిందే, నిన్నెవరు చూస్తారు?" అని ఆటపట్టించకుండా ఊరుకోరు. ఊరందరినీ మార్చలేం. జవాబు ముందే చేతిలో పెట్టొచ్చు. అమ్ములు ఎంచుకున్న జవాబు: "అమ్మకు రెండు పక్కలున్నాయి." పాపాయి కుడివైపు, తను ఎడమవైపు కూర్చుంటుందని పేజీలో బొమ్మ ఉంది.

తండ్రి ఉత్సాహంతో ఒక పేజీ సొంతంగా చేర్చాడు: "అమ్ములు తన బొమ్మలన్నీ పాపాయికి ఇస్తుంది." రెండు రోజుల్లో ఆ కాగితం పాకెట్‌లోంచి మాయమై సోఫా కింద దొరికింది. మళ్ళీ పెట్టొద్దన్నాను. పాకెట్ల ఫైలుకు ఇదొక లాభం, పిల్ల కూడా ఎడిటింగ్ చేయగలదు.

ఒంగోలులో

తల్లి జూన్‌లో వెళ్ళింది. అప్పటికే పొట్ట పేజీ అయ్యాక మలం బిగబట్టడం తగ్గుతూ వచ్చింది. మందు కూడా నడుస్తోంది కాబట్టి మొత్తం ఘనత పుస్తకానికి ఇవ్వను. వెళ్ళేముందు వారం రాత్రి, నాయనమ్మ పేజీ చదివాక, మధ్యలో దిండు తీసేసిందని తల్లి ఫోన్ చేసి చెప్పింది. పక్క తడపడం మాత్రం అమ్మ వెళ్ళాక పెరిగింది. స్కూలు కొత్త, అమ్మ లేదు, అది సహజం. తిట్టకుండా రబ్బరు షీట్ వేయండి చాలన్నాను.

కాన్పు సిజేరియన్ అయింది, బాబు. మామూలు కాన్పు పేజీ స్థానంలో ముందే రాసి ఉంచిన రెండో కాగితం పెట్టారు: "అమ్మ పొట్టకు కుట్లున్నాయి. అమ్ములుని ఎత్తుకోదు. పక్కన కూర్చోబెట్టుకుంటుంది." అమ్ములు ఆసుపత్రి గదిలోకి వెళ్ళే సమయానికి బాబు ఉయ్యాలలో ఉండాలి, అమ్మ చేతులు ఖాళీగా ఉండాలి అని ముందే మాట్లాడుకున్నాం. అలాగే చేశారు. అమ్ములు తమ్ముణ్ణి పది నిమిషాల దాకా చూడనే లేదట, అమ్మ ఎడమవైపుకు ఎక్కి కూర్చుని బస్సు విశేషాలన్నీ చెప్పిందట. తర్వాత తనే దిగి, ఉయ్యాలలోకి తొంగిచూసి, "బతికే ఉన్నాడు" అంది. ఆ మాట విన్న నర్సు కంగారు పడింది. అక్కడే ఉన్న నాయనమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

విదేశీ పుస్తకాల్లో పాపాయికి ప్లాస్టిక్ తొట్టిలో, బాతుబొమ్మతో స్నానం. మన ఇంట్లో నీళ్ళు పోసే ముసలావిడ పీట మీద కూర్చుని, చాచిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు గుమ్మరిస్తుంది. బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. పక్కన నిలబడిన నాలుగేళ్ళ పిల్లకు అది కొట్టడంలాగే కనిపిస్తుంది. తన మాట వల్ల పాపాయికి ఏదో అవుతుందని అప్పటికే భయపడిన పిల్లకు ముందే చెప్పకపోతే ఎలా? పేజీలో ఇలా రాశాం: "నీళ్ళు పోసేటప్పుడు పాపాయి ఏడుస్తుంది. దెబ్బ తగిలి కాదు. గట్టిగా పట్టుకుంటే నచ్చక. అయ్యాక ఏం చేస్తుందో అమ్ములు చూసి చెప్పాలి." సాంబ్రాణి పొగ మాత్రం రాయలేదు. పసిబిడ్డకు పొగ వద్దని డాక్టరు చెప్పారు, పుస్తకంలో రాస్తే అది ఆనవాయితీ అయిపోతుంది.

అమ్ములు చూసి చెప్పాలన్న ఆ చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. జూడీ డన్, కారల్ కెండ్రిక్ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 40 కుటుంబాలను గమనించి 1982లో రాసిన పుస్తకంలో ఒక సంగతి ఉంది. పుట్టిన తొలి వారాల్లోనే పాపాయిని ఒక మనిషిలా చూస్తూ, వాడికేం కావాలో, ఎందుకు ఏడుస్తున్నాడో పెద్దపిల్లతో మాట్లాడిన తల్లుల ఇళ్ళలో, ఏడాది తర్వాత ఆ పిల్లలిద్దరి మధ్య స్నేహం ఎక్కువగా కనిపించింది. అమ్ములు రెండో రోజునుంచే రిపోర్టు ఇవ్వడం మొదలుపెట్టింది: "నీళ్ళయ్యాక ఆవలించాడు. పడుకున్నాడు. నిన్న కూడా అంతే."

ఇరవై ఒకటో రోజు బారసాల. అనుకున్నట్టే ఒక మామయ్య అనుకున్న మాటే అన్నాడు. అమ్ములు జవాబు చెప్పలేదు, భోరుమంది. రిహార్సల్ అంతా గాలికి పోయింది. తల్లి పిలిచి ఎడమవైపు కూర్చోబెట్టుకుంది. అప్పుడు ఏడుపు మధ్యలో, మామయ్యకు కాకుండా అమ్మకే, "నీకు రెండు పక్కలున్నాయి కదా" అని గుర్తుచేసిందట.

ఇప్పుడు

నవంబర్‌లో అందరూ బెంగళూరు వచ్చారు. పక్క తడపడం వచ్చిన కొత్తలో రెండుమూడు సార్లు జరిగి ఆగింది. దొడ్డికి రోజూ వెళ్తోంది, మందు ఆపేశారు. అమ్మ పాలిచ్చే సమయంలోనే నీళ్ళ గ్లాసు ఒంపడం, గోడ మీద గీతలు గీయడం లాంటి అల్లరి ఉంది. తల్లి చేతులు ఖాళీ లేని వేళ చూసి పెద్దపిల్లలు చేసే పనే ఇది. ఆ వేళకు ఫైలు చదవమన్నాను, ఒక చేత్తో పేజీ తిప్పొచ్చు కదా. కొన్ని రోజులు పనిచేస్తోంది, కొన్ని రోజులు లేదు.

నాయనమ్మ ఇప్పటికీ సంధ్యవేళ చెడ్డమాట అనొద్దనే అంటుంది. తండ్రి దానికి విసుక్కుంటాడు. అందులో నేను తలదూర్చలేదు. పిల్ల భయపడటం మానేసింది, నాకు కావలసింది అదే. ఈ మధ్య తమ్ముణ్ణి "పోరా" అని తిట్టి, వెంటనే పైకి చూసి, "చెవులు మూసుకోండి" అని దేవతలకు చెబుతోందట.

కేసు ప్రస్తుతానికి మూసేశాను. బాబు పాకడం మొదలుపెట్టాక ఒకసారి రమ్మన్నాను. చాలా ఇళ్ళలో అసలు కొట్లాట అప్పుడే మొదలవుతుంది, చంటిపిల్ల చెయ్యి పెద్దపిల్ల వస్తువులకు అందినప్పుడు. దానికి పుస్తకం అక్కర్లేదు, బాబుకు అందని ఎత్తులో అమ్ములుకంటూ ఒక అర కావాలి. కార్పెంటర్‌కు చెప్పామన్నారు.